లెక్క తెలియక డిటైన్ అవుతున్న పిల్లల గురించి ఉన్నత విద్యామండలి చైర్మన్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

బీటెక్‌లో చదువు రాక ఆగిపోయేవాళ్లున్నారు, హాజరు, మార్కుల లెక్క తెలియక ఆగిపోయేవాళ్లూ ఉన్నారు. ఈ లేఖ రెండోవాళ్ల కోసం.

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 (2022లో చేరినవాళ్లతో మొదలైన) నిబంధనల్లో సెమిస్టర్ మొత్తం మీద హాజరు 75 శాతం ఉండాలి. 65 వరకూ ఆధారాలు చూపి కండోనేషన్, అంటే హాజరు తగ్గినా మన్నింపు, అడగొచ్చు. అంతకు తగ్గితే ఏ కారణమూ చెల్లదు, డిటైన్ చేస్తారు, అంటే పై సెమిస్టర్‌కు పంపరు. సెమిస్టర్‌కు 300 క్లాసులనుకుంటే 225కి రావాలి. 200 అయ్యేసరికి 120కే వచ్చిన పిల్లవాడు మిగతా వందలో ఒక్కటీ మానకపోయినా 220 దగ్గరే ఆగిపోతాడు, ఇక కండోనేషనే దిక్కు. మొదటి వందలో 60కి వచ్చినప్పుడే చెప్పి ఉంటే, మిగిలిన 200లో 165కి వచ్చి గట్టెక్కేవాడు. చాలా కాలేజీల్లో నోటీసు బోర్డు మీద శాతం ఒక్కటే పెడతారు. 'ఇంకా ఎన్ని మానొచ్చు' అన్న అంకె కూడా పక్కనే పదిహేను రోజులకోసారి వేయించండి. హాజరు సాఫ్ట్‌వేర్‌లో ఒక్క కాలమ్ పని అది.

మార్కుల దగ్గరా ఇదే తికమక. ఇంటర్నల్ 40కి 33, ఎక్స్‌టర్నల్ 60కి 20 వస్తే మొత్తం 53. పాస్‌కు 40 చాలు కదా అని ఇంట్లో అనుకుంటారు. ఎక్స్‌టర్నల్‌లో 21 తప్పనిసరి కనుక ఎఫ్ (ఫెయిల్) పడుతుంది. ఆ ఎఫ్ పక్కన కారణం ఒక్క ముక్క ఉండాలి.

అన్నిటికన్నా చిక్కు రీఅడ్మిషన్. డిటైన్ అయినవాళ్లు జూనియర్లతో కలిసేసరికి రెగ్యులేషన్ మారితే కొత్తదే వర్తిస్తుంది. అంతకుముందు ఆర్18లో ఇంటర్నల్‌కు 25, ఎక్స్‌టర్నల్‌కు 75గా ఉన్న మార్కులు ఆర్22లో 40, 60 అయ్యాయి. చదివేసిన సబ్జెక్టు మళ్లీ ఎదురవుతుంది, చదవనిదాన్ని జూనియర్లు అప్పటికే ముగించి ఉంటారు. వాటి బదులు రాయాల్సిన సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టుల చిట్టా పరీక్షల విభాగంలో ఉంటుంది. క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) తక్కువయ్యాయని చివరి ఏడాదిలో బయటపడితే, ఉద్యోగం ఆఫర్ చేతిలో ఉన్నా ప్రొవిజనల్ సర్టిఫికెట్ రాదు. అందుకే రీఅడ్మిషన్ ఉత్తర్వుతో పాటే ఏది మినహాయింపు, ఏది అదనం, ఏ సెమిస్టర్‌లో రాయాలి, మొత్తం ఎన్ని క్రెడిట్లు కావాలో ఒక్క పేజీలో, సంతకంతో, తెలుగులో కూడా ఇప్పించండి. సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీలకూ ఇదే నమూనా పెట్టండి.

యూజీసీ 2023 నిబంధనల ప్రకారం విద్యార్థి ఫిర్యాదుపై ఫిర్యాదుల పరిష్కార కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే అప్పీళ్లు వినే అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఈ రెండు ముక్కలూ హాల్‌టికెట్ వెనక అచ్చువేయిస్తే ప్రతి విద్యార్థి చేతికీ చేరతాయి.

వచ్చే విద్యా సంవత్సరం క్లాసులు మొదలయ్యేలోపే ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఇంజనీరింగ్ కాలేజీల అధ్యాపకులు, పరీక్షల విభాగాల సిబ్బంది