బ్రాండన్ కొండ మీద కలిసిన పెద్దాయనకు

ఐర్లండ్‌లోని కెర్రీ తీరంలో, 952 మీటర్ల బ్రాండన్ కొండను ఫాహా వైపు నుంచి ఎక్కుతుంటే నాకు దారి చూపిన పెద్దాయనా, మీ పేరు అడగడం మరిచాను. కింద హిమానీనదం తొలిచిన లోయ, అందులో పూసలు గుచ్చినట్టు చిన్న చిన్న చెరువులు. ఎదురుగా నిటారు రాతిగోడ. సరిగ్గా అక్కడే అట్లాంటిక్ మీదుగా వచ్చిన పొగమంచు కమ్మేసింది. తడిరాయి మీద కాలు జారి కూలబడ్డాను. (భయపడలేదని ఇంట్లో చెప్పాను, అది వేరే సంగతి.) మీరు ముందు నడుస్తూ, పట్టుకోదగ్గ ప్రతి రాయినీ చేతికర్రతో తట్టి చూపించారు. గట్టెక్కాక ఫ్లాస్కులోని టీ సగం నాకే పోశారు. శిఖరం మీది శిలువ దగ్గర సముద్రం కనిపించనేలేదు. మీరు పడమటి దారి పట్టి, నేను నోరు తెరిచేలోపే మంచులో కలిసిపోయారు. మీకు ఎంతో కృతజ్ఞుణ్ణి. చక్కెర లేని ఆ టీకి కూడా.