మా బాబుకి గవదబిళ్లలు వచ్చినప్పుడు మా వెంట నిలబడిన అందరికీ కృతజ్ఞతలు

నెల్లూరు దగ్గర బుచ్చిలో, మా ఊళ్లో ఎవరు ఎదురైనా "పిల్లోడికి ఎట్టా ఉంది" అని అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టుంటుందని ఇక్కడ రాస్తున్నాను. బాగున్నాడు. వాపు పూర్తిగా తగ్గింది, జ్వరం లేదు, మళ్లీ బడికి వెళ్తున్నాడు, అన్నం నమిలి తింటున్నాడు. ఆ వారమంతా మాకు తోడున్న వాళ్లకి పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ, అడగకుండా ఎవరి పేరూ రాయడం పద్ధతి కాదు కాబట్టి రాయడం లేదు. ఎవరికి వాళ్లకి తెలుస్తుంది.

మొదట మా సచివాలయం ఏఎన్ఎం అక్కకి. ముందురోజు జ్వరం, ఒళ్లునొప్పులు అన్నాడు, మామూలు జ్వరమే అనుకున్నాం. తెల్లారేసరికి ఎడమ చెంప లడ్డు దాచుకున్నట్టు ఉబ్బిపోయి ఉంది. దగ్గర్లో ఒక చోట చూపిస్తే ఏ జబ్బో చెప్పకుండానే ఇంజక్షన్ వేస్తామన్నారు, మావారికి నచ్చక తీసుకొచ్చేశారు. అప్పుడు ఫోన్ చేస్తే అక్క డ్యూటీలో ఉండి కూడా వచ్చింది. బాబు వెనక నిలబడి రెండు చెవుల వైపూ పోల్చి చూసింది. ఎడమ చెవి తమ్మె పైకి, బయటికి లేచి ఉంది, దవడ ఎముక మూల చేతికి అందటం లేదు. "గవదల మాదిరే ఉంది, రేపో ఎల్లుండో రెండో పక్క కూడా రావచ్చు, కంగారు పడబాకండి, పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండి" అంది. ఆమె చెప్పినట్టే రెండో పక్కా వచ్చింది. ముందే చెప్పి ఉండకపోతే నేను గుండె జారిపోయి ఉండేదాన్ని.

నాకు అర్థం కానిది ఒకటే. టీకాల కార్డులో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. అన్నీ టైముకి వేయించాం, ఆ కార్డు ఆమె చేతికిచ్చి మరి ఇదెందుకు వచ్చిందక్కా అని అడిగాను. ఓపిగ్గా కూర్చుని చెప్పింది. మన ప్రభుత్వ షెడ్యూలులో తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16–24 నెలల మధ్య ఒకటి వేసేది ఎంఆర్, అంటే తట్టుకీ రుబెల్లాకీ. గవదబిళ్లలకి కూడా కలిపి ఉండేది ఎంఎంఆర్, అది మన దగ్గర ప్రైవేటుగా వేయించుకోవాలి. పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ అయితే 9 నెలలకి, 15 నెలలకి, మళ్లీ 4–6 ఏళ్ల మధ్య ఎంఎంఆర్ వేయించమంటుంది. కార్డు నిండినా గవదలకి మాత్రం మా బాబు టీకా లేని పిల్లాడే. చాలామంది తల్లులకి ఈ సంగతి తెలియదు, ఇది చదివే వాళ్లు ఒకసారి మీ పిల్లల కార్డు తీసి చూసుకోండి. ఎంఆర్ వద్దని మాత్రం నేను అనడం లేదు, తట్టు అంతకంటే ప్రమాదం, అది తప్పకుండా వేయించాల్సిందే.

తర్వాత నెల్లూరు పొగతోటలో మేము చూపించిన పిల్లల డాక్టరు గారికి. బయట అంతమంది కూర్చుని ఉన్నా మా మాట పూర్తిగా విన్నారు. టార్చి వేసి నోట్లో చెంప లోపలి వైపు, లాలాజలం వచ్చే రంధ్రం దగ్గర చీము ఉందేమో చూశారు, పళ్లు చూశారు, మెడ వంచమన్నారు. చూడగానే గవదలే అనిపిస్తోంది, ఇది వైరస్, దీనికి యాంటీబయాటిక్ పనిచేయదు, వాపు దానంతట అదే తగ్గుతుంది అన్నారు. నొప్పికి, జ్వరానికి బాబు బరువుని బట్టి పారాసిటమాల్ రాశారు, ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి ఇవ్వకూడదని గట్టిగా చెప్పారు. నీళ్లు బాగా తాగించమన్నారు.

మా అత్తమ్మకి ఉన్న అసలు దిగులు వేరు. మగపిల్లాడు, రేపు పిల్లలు పుట్టరేమో అని రాత్రంతా ఏడ్చింది, చుట్టాల్లో ఎవరో ఫోన్‌లో అట్లా అన్నారట. ఆ మాట డాక్టరు గారిని అడగడానికి నేను మొహమాటపడుతుంటే ఆమే అడిగేసింది. ఆయన ఆమె వైపు తిరిగి, అవ్వా అంటూ చెప్పారు. వృషణాల వాపు ఎక్కువగా ఈడొచ్చిన మగవాళ్లలో వస్తుంది, అప్పుడు కూడా చాలామందికి ఒక పక్కే వస్తుంది, పూర్తిగా పిల్లలు పుట్టకపోవడం చాలా అరుదు, మీ మనవడికి ఆరేళ్లు, ఆ భయం పెట్టుకోవద్దు. ఆమె ముఖం అక్కడే తేటపడింది. ఈ ఒక్క మాటకి డాక్టరు గారికి ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. వదిలేయకూడని లక్షణాలు కూడా చెప్పారు: తట్టుకోలేని తలనొప్పి, మెడ బిగుసుకోవడం, ఆగకుండా వాంతులు, మగతగా పడి ఉండటం, ఫిట్స్, కడుపులో గట్టి నొప్పి, వృషణాల దగ్గర నొప్పి, చెవి సరిగ్గా వినపడకపోవడం. వీటిలో ఏది కనిపించినా రాత్రి పగలు చూడకుండా వచ్చేయమన్నారు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించుకున్నాం. దేవుడి దయ వల్ల ఏదీ రాలేదు.

మా వీధి వాళ్లకి ఎంత చెప్పినా తక్కువే. పసుపు, సున్నం పట్టు వేయమని కొందరు, నీలిమందు పూయమని కొందరు అన్నారు, అందరూ ప్రేమతోనే అన్నారు. డాక్టరు గారు చల్లటి గుడ్డ గానీ, గోరువెచ్చటి గుడ్డ గానీ, బాబుకి ఏది హాయిగా ఉంటే అది పెట్టమన్నారని చెప్తే ఎవరూ నొచ్చుకోలేదు. ఎదురింటి పిన్నిగారు గూడూరు నుంచి వచ్చిన నిమ్మకాయలు సంచెడు తెచ్చిచ్చారు, జ్వరానికి మంచిదని. పులుపు తగిలితే లాలాజలం ఊరి ఆ గ్రంథుల్లో నొప్పి ఎక్కువవుతుందని చెప్పగానే, తీసుకెళ్లి సాయంత్రానికి రాగి జావ కాచి తెచ్చారు. నోట్లో పెట్టక్కర్లేదు, పక్కింట్లో చేపల పులుసు ఉడికే వాసనకే బాబు రెండు చేతులతో దవడలు పట్టుకుని ఏడ్చాడు. అది తెలిసి వాళ్లు ఆ వారం మళ్లీ పులుసు పెట్టలేదు. నెల్లూరు వాళ్లు మా బాబు కోసం పులుసు మానుకున్నారంటే అది ఎంత పెద్ద మాటో ఇక్కడి వాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

మా తోటికోడలు కడుపుతో ఉంది. జాగ్రత్త కోసం ఆమెని దూరంగా ఉంచమన్నారు, వెంటనే మా మేనత్త తన ఇంటికి తీసుకెళ్లింది. బాబు గ్లాసు, కంచం, తువ్వాలు విడిగా పెట్టాం. మా చిన్న పాపకి ఇప్పుడు ఎంఎంఆర్ వేసినా ఈసారి అంటితే ఆపుతుందన్న నమ్మకం లేదు కానీ ముందుముందు కాపాడుతుందని చెప్పి వేశారు. బాబుకి పరీక్ష చేసి తేల్చలేదు కాబట్టి బాగా కోలుకున్నాక వాడికీ వేస్తామన్నారు.

బడి హెడ్‌మాస్టరు గారికి, క్లాసు టీచరమ్మకి ప్రత్యేకంగా. వాపు మొదలైన రోజు నుంచి 5 రోజుల దాకా బడికి పంపకూడదని చెప్తే, సెలవు గురించి ఒక్క మాట అనకుండా "నెమ్మదిగా పంపించండమ్మా" అన్నారు. తక్కిన తల్లిదండ్రులకి మా బాబు పేరు బయటపెట్టకుండానే జాగ్రత్తలు చెప్పారు. నోట్సు కూడా వాళ్లే పంపారు. మమ్మల్ని నెల్లూరు తీసుకెళ్లిన ఆటో తమ్ముడు, బయట ఎండలో అంతసేపు వెయిట్ చేసి, ఎక్స్‌ట్రా డబ్బులిస్తే తీసుకోలేదు. నాయనా, నువ్వు చల్లగా ఉండాలి.

ఇక వాడి బెంచీలో కూర్చున్న పిల్లల అమ్మానాన్నలకి. వాపు కనపడక ముందు రెండు రోజుల నుంచే ఇది అంటుతుందట, అంటిన వాళ్లకి బయటపడటానికి 12 నుంచి 25 రోజులు, ఎక్కువమందికి 16–18 రోజులు పడుతుందట. అందుకని ఇంకొన్నాళ్లు గమనించుకోండి. మీ పిల్లలకి చెంప నొప్పి అన్నా, జ్వరం వచ్చినా మొహమాటపడకుండా మాకు ఫోన్ చేయండి. జావ నేను కాచి పంపిస్తాను, డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే అర్ధరాత్రయినా మావారు బండి తీస్తారు.