మోకాళ్ళ నొప్పుల వ్యాయామ తరగతులు: సీనియర్ సిటిజన్ల సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

బీపీ, షుగర్ పరీక్షల శిబిరం, కంటి పరీక్షలు, కార్తీక వనభోజనాలు ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలను, జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో మీ ముందు పెడతారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు మోకాళ్ళ నొప్పుల తరగతులకే ఇస్తున్నాను. మన సభ్యుల్లో ఎవరిని పలకరించినా ముందు వినిపించే బాధ అదే.

ఎక్స్‌రే చూసి "గుజ్జు అరిగిపోయింది" అన్న మాట చెవిన పడగానే చాలామంది మెట్లెక్కడం మానేస్తారు. తర్వాత గుడి, ఆ తర్వాత పెళ్ళిళ్ళు, చివరికి వీధి చివర కూరల బండి దాకా వెళ్ళడం కూడా. కాలు వాడకపోతే తొడ కండరం సన్నబడుతుంది. దాని బలం తగ్గేకొద్దీ అడుగు పడినప్పుడల్లా కీలు మీద ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఎక్కువవుతుంది, కదలడం ఇంకా తగ్గుతుంది. ఈ వరసను ఎక్కడో ఒకచోట తెంచాలి. మన చేతిలో ఉన్నది కండరం. వ్యాయామంతో అరిగిన గుజ్జు తిరిగి రాదు, ఆ ఆశ ఎవరికీ పెట్టలేదు. కానీ ఎక్స్‌రేలో అరుగుదల ఎంత కనిపిస్తే నొప్పి అంత ఉండాలని లేదు. అరుగుదల అలాగే ఉన్నా నొప్పి తగ్గి, నడక మెరుగుపడవచ్చు.

డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ (GLA:D) అనే వ్యాయామ కార్యక్రమం ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. ముందు జబ్బు గురించి అర్థమయ్యేలా చెప్పి, తర్వాత వారానికి రెండేసి చొప్పున ఆరు వారాల్లో 12 తరగతులు చేయిస్తారు. ఆ పేరుతో నడపాలంటే ప్రత్యేక శిక్షణ పొందాలి కాబట్టి మన తరగతులకు ఆ పేరు పెట్టుకోలేదు. ఆ వరుసను మాత్రం మన ఫిజియోథెరపిస్టు గారు మనవాళ్ళకు తగ్గట్టు మలిచారు.

చేయించినవి చూడ్డానికి చిన్నవే. మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, దాన్ని కిందికి నొక్కి, ఐదు సెకన్లు అలాగే ఉంచడం. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండోది నిటారుగా లేపడం. అలాగే పడుకుని రెండు మోకాళ్ళూ మడిచి నడుము ఎత్తడం. కిటికీ ఊచ పట్టుకుని మడమలు లేపడం. ఎత్తు తక్కువ మెట్టు ఎక్కి దిగడం. అన్నిటికన్నా పనికొచ్చింది కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం. కష్టంగా ఉన్నవాళ్ళకు కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచాం, బలం వచ్చాక దిండు తీసేశాం. కొలతకు కూడా అదే కుర్చీ. రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో మొదట్లో రాసుకుని, ఆరు వారాలయ్యాక మళ్ళీ చూశాం. నొప్పి తగ్గిందో లేదో తేల్చుకోలేనివాళ్ళకు కూడా ఈ లెక్క ధైర్యం ఇచ్చింది.

హాల్లో చాపలు పరిస్తే కూర్చున్నవాళ్ళు లేవడానికి ఇబ్బంది పడ్డారు. ఒక సభ్యులు తమ ఇంట్లోని చెక్క మంచాలు తెచ్చి ఇచ్చారు, వారికి కృతజ్ఞతలు. ఉదయం తరగతికి ఆడవాళ్ళు తక్కువగా వచ్చేవారు. ఆ వేళ వంట, మనవల టిఫిన్ డబ్బాలు, స్కూలు బస్సు వాళ్ళ మీదే ఉంటాయి కదా. సాయంత్రం నాలుగింటికి ఇంకో తరగతి పెట్టాక హాలు నిండింది. ఈ నొప్పి మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువ కాబట్టి, ఈ ఏడాది తీసుకున్న నిర్ణయాల్లో మంచిది ఇదేనని నా అభిప్రాయం.

అందరినీ వేధించిన సందేహం ఒకటే: నొప్పి ఉండగా చేయవచ్చా? సున్నా నుంచి పది వరకు కొలిస్తే ఐదు దాటనంత వరకు చేయవచ్చు. కానీ మర్నాటికి నొప్పి మామూలు స్థాయికి రావాలి. రాకపోతే మానేయడం కాదు, సంఖ్య తగ్గించుకోవాలి. మొదటి రెండు వారాలు కాస్త నొప్పి పెరిగితే టెన్షన్ పడనక్కరలేదు. అయితే మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, పిక్క వాచినా, పడ్డాక కాలు మోపలేకపోయినా, కీలు పట్టేసి కదలకపోయినా వ్యాయామం ఆపి వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

మోకాలిలోకి ఇచ్చే జెల్ ఇంజెక్షన్లు, కీళ్ళ కోసమని అమ్మే గ్లూకోజమిన్ మాత్రల గురించి చాలామంది అడిగారు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ రెండింటినీ వద్దన్నాయి. కీళ్ళ అరుగుదల ఉన్న అందరికీ వ్యాయామాన్ని సూచించాయి. బరువు ఎక్కువున్నవారు తగ్గితే మేలన్నాయి. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

మన తరగతులు ఆపరేషన్‌కు వ్యతిరేకం కావు. కీలు మార్పిడికి అర్హులైన 100 మందితో డెన్మార్క్‌లో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్నవారికే నొప్పి ఎక్కువగా తగ్గింది. తీవ్రమైన ఇబ్బందులు కూడా వారిలోనే ఎక్కువ. వ్యాయామం, మందులు, ఆహార సలహాలతో మొదలుపెట్టినవారిలో ఏడాదిలోపు ఆపరేషన్‌కు వెళ్ళింది సుమారు నాలుగో వంతు మందే. ఆపరేషన్ కావాలో వద్దో మీరు, మీ డాక్టరు తేల్చుకోవాలి. ఏదైనా కాళ్ళలో బలం కావాల్సిందే.

ఇక నాకు బాధ కలిగించిన విషయం. నొప్పి తగ్గగానే రావడం మానేసినవారు చాలామంది. సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళి, వచ్చాక మళ్ళీ మొదలుపెట్టనివారు ఇంకొందరు. వ్యాయామం ఆపేస్తే దాని ఫలితం కొన్ని నెలలకు మించి నిలవదు. మళ్ళీ నొప్పితో వచ్చినప్పుడు "వ్యాయామం పని చేయలేదండీ" అంటున్నారు. పని చేసింది, ఆపేశాం. అయ్యా, అమ్మా, ఆరు వారాలు నేర్చుకోవడానికి మాత్రమే. ఆ తర్వాత ఇంట్లో వారానికి రెండు మూడు రోజులైనా చేస్తూ ఉండాలి.

అందుకే వచ్చే ఏడాది తరగతులు పూర్తి చేసినవారి కోసం వారానికి ఒకసారి కలిసి చేసే రోజు పెడుతున్నాం. రానివారికి ఫోన్ చేసి పలకరించడానికి ఇద్దరు ముగ్గురు సభ్యులు ముందుకు రావాలి. చేతుల్లేని గట్టి కుర్చీలు, ఎత్తు తక్కువ చెక్క మెట్లు కావాలి. ఇవ్వగలిగినవారు కార్యాలయంలో చెప్పండి. కొత్తగా చేరేవారు పేరు నమోదుకు వచ్చేటప్పుడు వాడుతున్న మందుల చీటీ, పాత ఎక్స్‌రే ఉంటే అది తీసుకురండి. గుండె జబ్బు ఉన్నవారు ముందుగా మీ డాక్టరును అడిగి రండి.

కార్యదర్శి