వెబ్ ఆప్షన్లకు ముందు పిల్లలకు మన ఊరు చూపించండి

సంపాదకులకు నమస్కారం.

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చాక ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో విశాఖలో ఏ నెట్ సెంటర్ దగ్గర నిలబడినా వినిపించే మాట ఒకటే: "సీఎస్ఈ ఎక్కడ వస్తుంది?" అంటే కంప్యూటర్ సైన్స్. అది రాకపోతే దానికి దగ్గరగా ఉన్నదేదైనా సరే. మెకానికల్, సివిల్ జాబితాలో అట్టడుగున ఉంటాయి. వైద్య పరికరాల గురించి చెప్పే బయోమెడికల్ అనే బ్రాంచి ఉందని చాలా ఇళ్లలో తెలియనే తెలియదు. పిల్లలు కంప్యూటర్లు చదవడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. మిగతావి ఏమిటో ఒక్కసారైనా కళ్లతో చూడకుండా నాలుగేళ్ల చదువు తేల్చేసుకుంటున్నారే అన్నదే నా బాధ. అది కూడా ఎక్కడ? ఓడలు కట్టే యార్డు, ఉక్కు కర్మాగారం, పోర్టు, వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్, నూరేళ్లు దాటిన కేజీహెచ్ ఆసుపత్రి, ఇవన్నీ సిటీ బస్సులో వెళ్లి రాగలిగేంత దగ్గరలో ఉన్న ఊళ్లో.

నేను పాలిటెక్నిక్‌లో చాలాకాలం స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చెప్పి రిటైరయ్యాను. జిల్లా కలెక్టర్ గారికి, ఇంటర్ విద్యాశాఖ అధికారులకు, ఈ సంస్థల యాజమాన్యాలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ర్యాంకులు వచ్చిన తర్వాత, ఆప్షన్లు మొదలయ్యే లోపు, ఇంటర్ పాసైన పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ ఈ గేట్లు తెరవండి. అక్కడ జరిగే పనిని తెలుగులో చెప్పించండి.

కాలేజీ బ్రోచర్లు చూస్తే మెకానికల్, సివిల్, బయోమెడికల్ మూడూ ఒకదానికొకటి సంబంధం లేని చదువుల్లా కనిపిస్తాయి. నిజానికి మొదటి ఏడాది, రెండో ఏడాది నేర్చుకునే మూల సూత్రాలు చాలావరకు ఒకటే. మన ఊరి పిల్లలకు వాటిని అర్థం చేయించడానికి ఉప్పు ఒక్కటి చాలు.

బీచ్ రోడ్డు దగ్గర పాత బిల్డింగుల్లో బాల్కనీ స్లాబుల కింద పెచ్చులూడి రాడ్లు బయటపడడం అందరూ చూసే ఉంటారు. "సముద్రం గాలి కదా" అని ఊరుకుంటాం. అసలు జరిగేది ఇది. మంచి కాంక్రీటుకు క్షార గుణం ఎక్కువ, దాని పీహెచ్ 12 పైనే ఉంటుంది. ఆ క్షారంలో ఇనుప రాడ్డు చుట్టూ కంటికి కనబడనంత పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. సముద్రపు గాలిలోని క్లోరైడు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకి, రాడ్డు దాకా చేరి ఆ పొరను తెంచేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అది లోపలి నుంచి నెడుతుంటే కాంక్రీటు రాడ్డు పొడవునా బీటలిచ్చి పెచ్చులుగా రాలుతుంది. అందుకే కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీరానికి దూరంగా, ఎండావానా తగలని చోట రాడ్డు మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ చాలు కానీ, తీరప్రాంతపు గాలికి నేరుగా ఎదురైతే 45, అలల తుంపర పడేచోట 50, ఆటుపోట్లు తగిలేచోట 75 ఉండాలి. రాడ్లను ఎత్తి ఉంచే చిన్న కవర్ బ్లాకులు పెట్టకుండా రాడ్లను సెంట్రింగ్ షీటు మీద అలాగే పడుకోబెడితే ఆ స్లాబు ఆయుష్షు ఆరోజే తగ్గిపోయినట్టు. సొంత ఇల్లు కట్టుకునే ప్రతి ఒక్కరికీ ఇది తెలియాలి, సివిల్ చదివినా చదవకపోయినా.

షిప్‌యార్డుకు వెళ్తే ఇదే ఉప్పుతో మరో రకం పోరాటం కనిపిస్తుంది. ఉక్కు ఓడ అడుగుభాగానికి అక్కడక్కడా జింకు దిమ్మలు బిగిస్తారు. ఇనుము కన్నా జింకు త్వరగా ఎలక్ట్రాన్లు వదిలేస్తుంది కాబట్టి సముద్రపు నీళ్లలో ముందు జింకు కరిగిపోతుంది, ఓడ ఉక్కు నిలుస్తుంది. ఓడ, నీళ్లు తోడేసి రిపేర్లు చేసే డ్రై డాక్‌కు వచ్చినప్పుడు అరిగిన దిమ్మలు తీసి కొత్తవి పెడతారు. 1824లో బ్రిటన్‌లో హంఫ్రీ డేవీ, ఓడల అడుగున తొడిగే రాగి రేకులను కాపాడడానికి మొదలుపెట్టిన ఆలోచన ఇది. స్వతంత్ర భారతంలో కట్టిన తొలి పెద్ద ఓడ 'జలఉష' 1948లో నెహ్రూ చేతుల మీదుగా ఇక్కడి నుంచే నీళ్లలోకి దిగింది. ఆ యార్డులో ఒక పూట గడిపితే ఇంటర్‌లో బట్టీ పట్టిన ఎలక్ట్రోకెమిస్ట్రీ పాఠం ఎందుకు చదివామో పిల్లలకు అర్థమవుతుంది.

ఇక మన ఒళ్లు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆసుపత్రిలో ఎక్కించే నార్మల్ సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది, మన శరీర ద్రవాలు దానికి దగ్గరే. అంటే యాక్సిడెంట్ అయిన కుర్రాడి కాలికి వేసిన రాడ్డు 37 డిగ్రీల వెచ్చటి ఉప్పునీళ్లలో రాత్రింబవళ్లు నానుతున్నట్టే. అక్కడ జింకు దిమ్మలు కట్టలేం. అందుకే క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు గానీ టైటానియం గానీ వాడతారు. వీటి మీద ఆక్సైడ్ పొర దానంతటదే ఏర్పడుతుంది, గీత పడినా మళ్లీ కట్టుకుంటుంది. స్టీలు ప్లేటుకూ స్క్రూకూ మధ్య ఆక్సిజన్ సరిగా అందని సందుల్లో మాత్రం తుప్పు మొదలయ్యే ప్రమాదం ఉంటుంది. ఓడ మీద బోల్టుల కింద జరిగేదీ అదే.

రాడ్డు గురించే ఇంకో మాట. ఇది క్లాసులో చెప్పడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. రెండు పదార్థాలు కలిసి బరువు మోస్తున్నప్పుడు, సులువుగా సాగనిది, వంగనిది ఎక్కువ ఒత్తిడి తీసుకుంటుంది. ఆ గుణాన్ని యంగ్ మాడ్యులస్‌తో కొలుస్తాం. స్టీలుకు అది దాదాపు 200 గిగాపాస్కల్స్, మామూలు కాంక్రీటుకు 25, 30. కాబట్టి ఫ్లైఓవర్ స్తంభంలో స్టీలు మీద పడే ఒత్తిడి పక్కనున్న కాంక్రీటు కన్నా ఏడెనిమిది రెట్లు ఉంటుంది. అది మనకు కావలసిందే, స్టీలు వేసేది అందుకే. అదే రాడ్డును తొడ ఎముకలో పెట్టండి. ఎముక గట్టి పైపొర మాడ్యులస్ 15 నుంచి 20 గిగాపాస్కల్స్. బరువులో ఎక్కువ వాటా రాడ్డే మోసేస్తుంది, ఎముకకు పని తగ్గిపోతుంది. పని లేని ఎముక పలుచబడుతుందని జర్మన్ సర్జన్ యూలియస్ వోల్ఫ్ 19వ శతాబ్దంలోనే గమనించాడు. 110 గిగాపాస్కల్స్ ఉన్న టైటానియం మిశ్రమం స్టీలు కన్నా ఇక్కడ కొంత నయం కావడానికి ఇదొక కారణం. ఒకే సూత్రం, స్తంభంలో లాభం, కాలిలో నష్టం. ఏది ఎక్కడ మంచిదో లెక్కగట్టి నిర్ణయించడమే ఇంజనీరు పని. ఈ ఒక్క ఉదాహరణ చెప్పాక నిద్రపోతున్న వెనక బెంచీ కూడా లేచి ప్రశ్నలు అడిగేది.

ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి దగ్గర రోజూ ఎంతోమంది ఫొటోలు దిగుతారు. ప్రతి పది మీటర్ల లోతుకు చదరపు మీటరు మీద దాదాపు పది టన్నుల నీటి ఒత్తిడి పెరుగుతుందనీ, దాన్ని తట్టుకోవడానికే లోపలి పొట్టు గుండ్రంగా ఉంటుందనీ, ఆ నీటి ఒత్తిడిని పొట్టు వ్యాసార్ధంతో గుణించి గోడ మందంతో భాగిస్తే గోడ లోపల పుట్టే స్ట్రెస్ వస్తుందనీ తెలుగులో ఒక బోర్డు పెట్టడానికి ఖర్చెంత? మన రక్తనాళం గోడకూ దాదాపు అదే లెక్క. ఒకచోట ఉబ్బితే వ్యాసార్ధం పెరిగి, గోడ పలుచబడి, స్ట్రెస్ ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ వాపును డాక్టర్లు అంత జాగ్రత్తగా గమనిస్తారు. ఎన్ఏడీ ఫ్లైఓవర్ దగ్గరా ఇలాంటి బోర్డు ఒకటి ఉండాలి. 100 మీటర్ల కాంక్రీటు 25 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 30 మిల్లీమీటర్లు సాగుతుంది, బండి మీద వెళ్తుంటే టకటకమనే జాయింట్లు అందుకే ఉన్నాయి.

భద్రత మాటేమిటి అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నేవీ వారోత్సవాల్లో యుద్ధనౌకలనే జనం ఎక్కి చూస్తున్న ఊరు మనది. నౌకాదళం చేయగలిగిన ఏర్పాటు ఒక ఫ్యాక్టరీ చేయలేదా? ఫ్యాక్టరీలోని ప్రతి విభాగంలోకీ తీసుకెళ్లనక్కర్లేదు. ఒక షెడ్డు, ఒక డ్రై డాక్ అంచు, ఆసుపత్రిలో పరికరాలు రిపేరు చేసే ఒక గది చూపిస్తే చాలు. చెప్పేది పెద్ద ఆఫీసర్లే కావాలని కూడా లేదు. వెల్డరు, ఫిట్టరు, బయోమెడికల్ టెక్నీషియన్ తమ పని గురించి తమ మాటల్లో చెబితే పిల్లలకు ఇంకా బాగా ఎక్కుతుంది.

ఉద్యోగాల గురించి తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. సాఫ్ట్‌వేర్‌లో మొదటి జీతం ఎక్కువ అన్న మాట చాలా చోట్ల నిజమే. అయితే వెంటిలేటర్ మూలన పడితే బాగుచేసే మనిషి కోసం ఆసుపత్రులు ఎదురుచూడడం కరోనా రోజుల్లో అందరం చూశాం. ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు ఆలోచించాలి. మెకానికల్ అంటే సుత్తి, సివిల్ అంటే ఎండ అన్న భయంతో ఆ పిల్లలకు ఈ దారులు మొదట్లోనే మూసేస్తున్నాం. వాళ్లను మెడ్‌టెక్ జోన్‌కు తీసుకెళ్లండి, చూశాక వాళ్లే చెబుతారు.

వచ్చే కౌన్సెలింగ్ లోపు ఒక్క ఆదివారంతోనైనా మొదలుపెట్టమని కోరుతున్నాను. ఏ సంస్థ ఏ రోజు గేటు తెరుస్తుందో మీ జిల్లా ఎడిషన్‌లో ముందుగా ప్రకటించండి. పిల్లల వెంట ఉండి వివరించడానికి జీతభత్యాలు ఏమీ అడగకుండా నేను వస్తాను, నా తోటి రిటైర్డ్ లెక్చరర్లను కూడా అడిగి తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పాలిటెక్నిక్ లెక్చరర్,
గాజువాక, విశాఖపట్నం