పదహారేళ్లకు కలిసిన అన్నదమ్ములు

విశాఖపట్నం

ప్రియమైన బావా,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు తిట్టుకోకు. ఇంట్లో అందరూ కులాసా, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, నా బదిలీ ఊసు ఎవరూ ఎత్తడం లేదు. అసలు సంగతికి వస్తాను. అమెరికా ర్యాప్ జంట క్లిప్స్ 2025 జూలైలో విడుదల చేసిన 'లెట్ గాడ్ సార్ట్ ఎమ్ అవుట్' నీవు విన్నావా? 2009 తరువాత ఆ అన్నదమ్ములిద్దరూ కలిసి చేసిన ఆల్బమ్ ఇదే. సంగీతం ఫారెల్ విలియమ్స్ సమకూర్చాడు. మత్తుమందు బేరాలు తప్ప వాళ్లకు మరో మాట రాదని నీవు ఎద్దేవా చేస్తావే, ఆ ఇద్దరే మొదటి పాటలో చనిపోయిన తల్లిదండ్రుల గురించి చెప్పారు. తమ్ముడు పుషా టి తల్లితో ఆడిన చివరి మాటలను తలుచుకుంటాడు. తాను వెళ్లిపోతున్నానని ఆమె చెప్పకనే చెప్పిన సంగతి అతనికి ఆ తరువాత గాని అర్థం కాదు. అన్న మాలిస్ తండ్రి గురించి చెబుతాడు. ఇంటి ముందు కారు ఉంది కాబట్టి ఆయన లోపలే ఉండాలి, అయినా తలుపు తెరుచుకోదు. మూడోసారి తట్టేసరికి కొడుకు ఒంట్లో చలి పుడుతుంది. ఆ కారును, ఆ తలుపును మన ముందు పెట్టి అతను తప్పుకుంటాడు, దుఃఖాన్ని వర్ణించే పని పెట్టుకోడు. గాజువాక బస్సులో నిలబడి వింటున్న నాకు ఎన్.ఏ.డి. కూడలి ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఆ పాటలో గాయకుడు జాన్ లెజెండ్ గొంతు సరే గాని, వెనుక బృందగానం కొంచెం ఎక్కువైంది. ఆ మాటలకు అంత అండ అక్కరలేదు. మిగతా పాటలు గట్టివే అయినా ఇంత లోతు వాటిలో లేదు.

ఎలక్ట్రానిక్ సంగీతానికి వస్తే, తొమ్మిదేళ్లు ఊరించి జేమీ ఎక్స్‌ఎక్స్ 2024లో ఇచ్చిన 'ఇన్ వేవ్స్' ఆల్బమ్ కాళ్లను ఊరుకోనివ్వదు, కానీ 2015 నాటి 'ఇన్ కలర్'లోని దిగులు నాకు ఇందులో దొరకలేదు. అదే బాణీలో ఫ్లోటింగ్ పాయింట్స్ చేసిన ఆల్బమ్ 'కాస్కేడ్'ను మాత్రం ఫోన్ స్పీకరులో విని నీ "మిక్సీ రాగం" బిరుదు తగిలించకు. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఆ మంద్ర ధ్వనిని విన్న తరువాత మాట్లాడు. ర్యాపర్ టైలర్, ద క్రియేటర్ ఆల్బమ్ 'డోంట్ ట్యాప్ ద గ్లాస్' అరగంట కూడా లేదు; ఆడించడానికి వచ్చాడు, ఆడించి వెళ్లిపోయాడు, అదే దాని మంచి గుణం.

ఇక మన దేశపు ర్యాపర్ హనుమాన్‌కైండ్ పాట 'బిగ్ డాగ్స్' మీద మన పాత తగువు. వీడియోలో బావి గోడ మీద బైకులు తిరిగే ఆ దృశ్యాలే దాన్ని నిలబెట్టాయని నీవంటావు, కళ్లు మూసుకొని కల్మీ వేసిన బీట్ ఒక్కసారి విను, ఆ తరువాత… టపా వెళ్లే వేళయింది, ఆపుతున్నాను.

ఇట్లు,
నీ బావ