మా జిల్లా పిల్లలకు క్లాట్ ఎందుకు అందడం లేదు: విద్యాశాఖ మంత్రి గారికి కర్నూలు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారములు.

నేను కర్నూలు జిల్లా ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో పౌరశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇంటర్ చదువుతూ న్యాయవిద్య వైపు మొగ్గు చూపే పిల్లలకు ఇద్దరు న్యాయవాది మిత్రులతో కలిసి ఆదివారాల్లో పాఠాలు చెబుతున్నాను. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి జరిగే క్లాట్ పరీక్షకు మా ప్రాంతపు పిల్లలను సిద్ధం చేయాలంటే ప్రభుత్వ జూనియర్ కళాశాలలోనే, రెండేళ్ల పాటు, చదివించే ఏర్పాటు ఒకటి ఉండాలని ఆ పాఠాలు చెబుతూ నాకు స్పష్టమైంది. ఆ ఏర్పాటు చేయగలిగినది మీ శాఖ ఒక్కటే కనుక ఈ లేఖ మీకు రాస్తున్నాను.

న్యాయస్థానం కోసం కర్నూలు ఎదురుచూపు ఈనాటిది కాదు. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టు ప్రస్తావన వచ్చిన దగ్గర్నుంచి, 1953లో రాజధాని కర్నూలుకూ, 1954లో హైకోర్టు గుంటూరుకూ వెళ్లిన నాటి మీదుగా, కర్నూలులో హైకోర్టు బెంచి కోసం 2024 నవంబరులో శాసనసభ చేసిన తీర్మానం వరకు ఆ మాట నడుస్తూనే ఉంది. అదే ఏడాది మార్చిలో అప్పటి ప్రభుత్వం కర్నూలు పక్కనున్న జగన్నాథగట్టు మీద జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన కూడా చేసింది. బెంచి రావాలి, విశ్వవిద్యాలయమూ రావాలి. అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. అయితే ఆ విశ్వవిద్యాలయం రేపే తలుపులు తెరిచినా అందులోని అయిదేళ్ల కోర్సు సీట్లు నిండేది క్లాట్ ర్యాంకులతోనే. గట్టు కిందనే ఉన్న ఊళ్ల పిల్లలు ఆ ర్యాంకు తెచ్చుకునే దారి ఈరోజు లేదు. భవనం పూర్తవడానికి పట్టే కాలంలో కనీసం ఆ దారి వేయవచ్చు.

క్లాట్ ఎలాంటి పరీక్షో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే చట్టం చదవడానికి రాసే పరీక్ష కాబట్టి చట్టాలు బట్టీ పట్టాలని మా దగ్గర తల్లిదండ్రులే కాదు, అధ్యాపకులు కూడా చాలామంది అనుకుంటున్నారు. 2008లో మొదలైన ఈ పరీక్షను ఇప్పుడు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్షియం నిర్వహిస్తోంది. పాత పద్ధతిలో విడివిడి ప్రశ్నలు ఉండేవి. 2020 నుంచి మొత్తం పరీక్షే గద్యభాగాలు చదివి జవాబు చెప్పేదిగా మారింది. ఇప్పుడు 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఇంగ్లీషు, వర్తమాన విషయాలు, న్యాయ తర్కం, సాధారణ తర్కం, కొద్దిపాటి గణితం అని అయిదు విభాగాలున్నా, గణితంతో సహా అన్నింటిలోనూ ముందొక ఇంగ్లీషు గద్యభాగమో, లెక్కల వివరణో ఉంటుంది. దాన్ని చదివి, కింద ఇచ్చిన ప్రశ్నలకు అందులోంచే జవాబు తీయాలి. న్యాయ తర్కం విభాగంలో కావలసిన సూత్రాన్ని కూడా వాళ్లే ఇస్తారు, ముందుగా చట్టం తెలిసి ఉండనక్కర లేదు. పత్రికల సంపాదకీయ పుటలో కనిపించే తరహా ఇంగ్లీషును వేల మాటల మేర, రెండు గంటల్లో, ఆగకుండా చదివి అర్థం చేసుకోగలగడమే అసలు పరీక్ష.

ఇది పిల్లల దగ్గర ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. కోసిగి వైపు ఊరి నుంచి వచ్చి హెచ్ఈసీ చదువుతున్న ఒక అమ్మాయికి మైనరుతో చేసుకున్న ఒప్పందం గురించిన గద్యభాగం ఇచ్చాను. మైనరు చేసిన ఒప్పందం మొదటి నుంచీ చెల్లదనీ, తన వయసు గురించి అబద్ధం చెప్పినా అతను మైనరునని వాదించుకోవచ్చుననీ సూత్రం. పదిహేడేళ్ల కుర్రవాడు మేజరునని చెప్పి పొలం తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడని ఉదంతం. ఆ అమ్మాయి వేలు పెట్టి ఒక్కో వాక్యం చదువుతూ, మధ్యలో వెనక్కి వెళ్తూ, సగం గద్యభాగం దాటేసరికే నేను పెట్టిన సమయం అయిపోయింది. అదే ఉదంతాన్ని తెలుగులో నోటితో చెప్పాను. చెప్పడం ముగియకముందే, "అబద్ధం చెప్పినా గానీ ఆ కాగితం చెల్లదు గదా సార్, అప్పు ఇచ్చినాయప్ప వయసు కనుక్కోవల్ల గదా" అంది. కన్సార్షియం వెతుకుతున్న తర్కం సరిగ్గా అదే. తాకట్టు కాగితాలు, అప్పులు, వాయిదాలు, హద్దు తగాదాలు ఇంట్లో వింటూ పెరిగిన పిల్లలకు అది ఎవరూ నేర్పనక్కర లేదు. లేనిదల్లా ఇంగ్లీషు వాక్యాన్ని కంటితో గబగబా లాక్కుపోయే అలవాటు. ఆ అలవాటు నెల రోజుల క్రాష్ కోర్సులో రాదు, ఎంత ఫీజు కట్టినా రాదు.

రెండో అడ్డంకి క్యాలెండరు. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒకప్పుడు క్లాట్ వేసవిలో, ఇంటర్ పరీక్షలు అయ్యాక జరిగేది. 2023 ప్రవేశాలకు 2022 డిసెంబరులోనే పెట్టారు. అప్పటి నుంచీ డిసెంబరే ఆనవాయితీ అయింది. మా పిల్లలకు "ఇంటర్ తర్వాత ఏంటి" అనే ప్రశ్న వచ్చేది పరీక్షలు రాసి ఇంటికి చేరాక, ఏప్రిల్‌లో. అప్పటికి ఆ ఏటి క్లాట్ అయిపోయి నెలలు గడిచి ఉంటుంది. దరఖాస్తులు తీసుకునేది అంతకు ముందటి ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల్లో అమ్మానాన్నలు గుంటూరు మిరప కోతలకు సుగ్గి (కూలి వలస) వెళ్లిపోయే ఇళ్లలో పరీక్ష తేదీ చూసి గుర్తుచేసే పెద్దదిక్కు కూడా ఊళ్లో ఉండదు. అవ్వ దగ్గరో హాస్టల్లోనో ఉండే పిల్లకు ఈ కబురు కాలేజీ చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. ఈఏపీసెట్ దరఖాస్తు తేదీ మా కాలేజీల నోటీసు బోర్డు మీద కనిపిస్తుంది. క్లాట్ తేదీ అతికించిన నోటీసు బోర్డును నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు.

ఇక రుసుము. క్లాట్ దరఖాస్తుకు 4,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువనున్న అభ్యర్థులకు 3,500. ఉపాధి హామీ కూలీ రోజుకు మూడు వందల పైచిలుకు ఉన్నచోట ఆ రాయితీ రుసుము కూడా ఒక మనిషి పది రోజులకు మించిన కూలీ. సీటు వస్తుందో రాదో తెలియని పరీక్షకు అంత డబ్బు కట్టమని ఆ ఇంట్లో చెప్పడానికి నాకే నోరు రాదు. ర్యాంకు వచ్చాక కౌన్సెలింగుకు కట్టవలసినది వేలల్లో, ఆ తర్వాత ఏటేటా కట్టే ఫీజు లక్షల్లో ఉంటుంది.

రాష్ట్రంలోని న్యాయ కళాశాలల్లో ప్రవేశానికి లాసెట్ ఉంది కదా అని మీ అధికారులు అనవచ్చు. ఉంది, మంచిదే. రుసుము వెయ్యి రూపాయల లోపు, ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, తప్పు జవాబుకు కోత లేదు. మా అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమే గతంలో దీన్ని నిర్వహించింది కూడా. కానీ 90 నిమిషాల్లో 120 ప్రశ్నలకు సాధారణ జ్ఞానం, వర్తమాన విషయాలు, న్యాయ అభిరుచి అంటూ గుర్తుపెట్టిన జవాబులు గుర్తించే పరీక్ష అది, గైడు ఒకటి తిరగేస్తే సరిపోతుంది. పరీక్ష వేసవిలో జరిగినా కౌన్సెలింగు చలికాలం దాకా సాగిన సంవత్సరాలను మేం చూశాం. ఆ ఎదురుచూపులో విసిగి డిగ్రీలో చేరిపోయిన పిల్లలు మళ్లీ ఇటు రాలేదు. లాసెట్‌ను సకాలంలో ముగించడం ఎలాగూ ప్రభుత్వ బాధ్యత. అయితే జాతీయ స్థాయి సంస్థల్లో సీటుకు లాసెట్ మార్గం కాదు. విశాఖ దగ్గర సబ్బవరంలో మన రాష్ట్ర ప్రభుత్వమే స్థాపించిన విశ్వవిద్యాలయంలోనైనా అయిదేళ్ల కోర్సుకు క్లాట్ రాయవలసిందే. దానికి పెట్టిన పేరు దామోదరం సంజీవయ్య గారిది. ఆయన పుట్టింది కర్నూలు పక్కన పెదపాడులో, దళిత కుటుంబంలో. చదువుకున్నది మా మున్సిపల్ హైస్కూల్లో. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. ఈనాడు పెదపాడు నుంచి ఒక పిల్లవాడు ఆయన పేరున్న విశ్వవిద్యాలయానికి వెళ్లాలంటే ముందు ఏం చేయాలో చెప్పేవారు లేరు.

జేఈఈ మెయిన్, నీట్ తెలుగులోనూ రాయవచ్చు, క్లాట్ మాత్రం ఇంగ్లీషులోనే ఉంది. దీన్ని ప్రశ్నిస్తూ 2023లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం నడిచింది. తెలుగులో రాసే అవకాశం రావాలని రాష్ట్రం తరఫున కన్సార్షియానికి మీరు లేఖ రాస్తే సంతోషిస్తాను. కానీ నా మట్టుకు నేను దాని మీద అన్ని ఆశలూ పెట్టుకోలేను. తెలుగులో రాసి సీటు తెచ్చుకున్న పిల్ల మొదటి సెమిస్టరులోనే వందల పుటల ఇంగ్లీషు తీర్పులు చదవాలి. చదివే శక్తి ఇంటర్‌లో అలవడకపోతే అక్కడ ఆ పిల్ల పడే అవస్థ, పరీక్ష తప్పినప్పటి బాధకన్నా ఎక్కువ. అందుకే నా విన్నపం పరీక్ష భాష గురించి కాకుండా, ఆ రెండేళ్ల చదువు గురించి.

ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లోనూ, గురుకులాల్లోనూ, ఇంటర్ ఉన్న కస్తూర్బా విద్యాలయాల్లోనూ సీఈసీ, హెచ్ఈసీ విద్యార్థులకు రోజూ ఒక పీరియడు చదవడానికే కేటాయించండి. పాఠం చెప్పే పీరియడుగా దాన్ని మార్చవద్దు, నోట్సు రాయించవద్దు. మొదటి ఆరు నెలలు తెలుగు సంపాదకీయం ఒకటి, అదే విషయం మీద ఇంగ్లీషు వార్త ఒకటి పక్కపక్కన పెట్టి చదివించాలి. విషయం ముందే తెలిసి ఉంటే ఇంగ్లీషు వాక్యం అంతగా భయపెట్టదు. రెండో ఏడాదికి గడియారం పెట్టి చదివించవచ్చు. దీనికి కొత్త పోస్టులు అక్కర లేదు, పౌరశాస్త్రం, ఇంగ్లీషు అధ్యాపకులకు కొద్ది రోజుల శిక్షణ చాలు. కావలసినది పత్రికలు. జిల్లా గ్రంథాలయంలో ఇంగ్లీషు పత్రిక ఒక్క ప్రతి వస్తే అది పెద్దల చేతుల్లోంచి గ్రూప్-2 అభ్యర్థుల చేతుల్లోకి పోయి, సాయంత్రానికి ఇంటర్ పిల్లలకు దొరికేసరికి వర్తమాన విషయాల పుట ఎవరో చింపుకుపోయి ఉంటుంది. కాలేజీకి పది ప్రతులు తెప్పించడానికయ్యే ఖర్చు ఏ శాఖకూ భారం కాదు.

పోటీ పరీక్షలకు చదివించడం ఈ సీమకు చేతకానిదేమీ కాదు. బ్యాంకు ఉద్యోగాల కోచింగుకు నంద్యాల పేరు మోసింది. రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు అక్కడికి వచ్చి గదులు అద్దెకు తీసుకుని చదువుతున్నారు. బ్యాంకు పరీక్షల్లోని గణితం, తర్కం, గద్యభాగాలే కాస్త మార్పుతో క్లాట్‌లోనూ ఉన్నాయి. అక్కడ చెప్పే అనుభవజ్ఞులను వారానికి ఒకసారి ప్రభుత్వ కళాశాలకు రప్పించడం జిల్లా కలెక్టరు స్థాయిలో అయ్యే పని. న్యాయశాస్త్ర ఆచార్యులు శమ్నాద్ బషీర్ గారు 2010లో ఐడియా అనే సంస్థను స్థాపించి, పేద, గ్రామీణ విద్యార్థులను ఎంచుకుని ఇలాంటి పరీక్షలకు సిద్ధం చేసే పనికి పూనుకున్నారు. స్వచ్ఛంద సంస్థ కొద్దిమంది కోసం చేయగలిగినది, ఊరూరా కాలేజీలున్న ప్రభుత్వం మరింతమంది కోసం చేయగలదు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఐఐటీ, నీట్‌లకు ప్రత్యేక కేంద్రాలు పెట్టిన రాష్ట్రం మనది. అలాంటి కేంద్రాల్లో ఒకదాన్ని న్యాయవిద్యకు కర్నూలులోనో, అనంతపురంలోనో, కడపలోనో పెట్టండి.

ప్రభుత్వ కళాశాలల నుంచి క్లాట్ రాసే ప్రతి విద్యార్థి దరఖాస్తు రుసుమును ప్రభుత్వమే కట్టాలి. ర్యాంకు వచ్చినవారికి కౌన్సెలింగు సొమ్ము ముందుగా చేతికి అందాలి. ఫీజు తర్వాత తిరిగి ఇస్తామంటే, ముందు కట్టడానికి అప్పు చేయవలసిన ఇంట్లో ఆ మాటకు విలువ లేదు. సీటు రాష్ట్రం వెలుపల వచ్చినా ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తింపజేయాలి.

నిషేధిత భూముల 22ఏ జాబితాలో తన పొలం ఎందుకు చేరిందో తెలియక కలెక్టరేట్ చుట్టూ తిరిగే రైతును, అసైన్డు పట్టా పట్టుకుని తహసీల్దారు గుమ్మం దగ్గర కూర్చున్న ముసలమ్మను మా న్యాయవాది మిత్రులు రోజూ చూస్తున్నారు. వాళ్ల మాట వాళ్ల యాసలోనే విని, హైకోర్టులో ఇంగ్లీషులో వాదించగలిగిన న్యాయవాదులు మా ప్రాంతానికి చాలామంది కావాలి. బెంచి వచ్చిన రోజున ఆ అవసరం ఇంకా పెరుగుతుంది.

వచ్చే డిసెంబరు పరీక్షకు దరఖాస్తులు ఆగస్టు నాటికే మొదలవుతాయి కనుక, విద్యా సంవత్సరం ఆరంభంలోనే రెండు ఉత్తర్వులు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను: ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో క్లాట్ తేదీలు, రుసుము, దరఖాస్తు విధానం తెలుగులో నోటీసు బోర్డు మీద పెట్టాలనీ, దరఖాస్తు నింపడంలో సాయపడటానికి ఒక అధ్యాపకుణ్ణి బాధ్యుడిగా నియమించాలనీ ఒకటి, సీఈసీ, హెచ్ఈసీలకు చదువు పీరియడు కేటాయిస్తూ మరొకటి. ఆదివారం తరగతుల్లో మేం వాడుతున్న గద్యభాగాల వరుసను, తెలుగు వివరణలతో సహా, ఇంటర్మీడియట్ విద్యామండలి అధికారులు అడిగిన వెంటనే రుసుము లేకుండా అందజేయడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
తమ విధేయుడు,
విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకుడు,
కర్నూలు