ఆ హార్డ్ డిస్కులు వెనక్కి తెచ్చివ్వండి

దసరా ముందు నుంచి సంక్రాంతి దాకా మా షాపులో సెకండ్ హ్యాండ్ 1 టీబీ హార్డ్ డిస్కు కొన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీ డిస్కు బాగానే పనిచేస్తున్నా సరే, ఒకసారి తీసుకురండి. పరీక్ష చేసి, తేడా కనిపిస్తే మీరిచ్చిన 1,200 రూపాయలు అక్కడికక్కడే వాపసు ఇస్తాను. తెచ్చే ముందు మాత్రం అందులోని ఫొటోలు, ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోండి. మీ వాడకంలో లోపమేమీ లేదు, తప్పు నాదే. దాచాల్సిన పని లేదు, హన్మకొండలో ఇలాంటివి ఎన్నాళ్లు దాగుతాయి!

సీసీ కెమెరాలు బిగించే ఒకతను పాత డీవీఆర్‌ల నుంచి, అంటే కెమెరా వీడియోలు రికార్డు చేసే డబ్బాల నుంచి తీసిన డిస్కులు 22 తెచ్చాడు. "అన్నీ కండిషన్‌లోనే ఉన్నాయన్నా, గ్యారంటీ నాది" అన్నాడు. నేను ఒక్కోదాన్ని సీపీయూకి తగిలించి, పాత పార్టిషన్ తీసేసి, క్విక్ ఫార్మాట్ కొట్టాను. ఒక్కోదానికి పది సెకన్లు పట్టిందేమో. ఏ ఒక్కటీ ఎర్రర్ ఇవ్వలేదు. పసుపు స్టిక్కర్ మీద 'టెస్టెడ్' అనీ, తేదీ వేసీ అంటించాను. 17 అమ్ముడుపోయాయి.

మొదట తిరిగొచ్చింది జిరాక్స్ సెంటర్ తమ్ముడు. "అన్నా, మళ్లీ ఫార్మాట్ కొడదామంటే సగం దాకా పోయి ఆగిపోతోంది" అన్నాడు. చూస్తే అతని సీపీయూలో డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ వదులుగా ఉంది. మార్చాను, ఫార్మాట్ అయింది. డిస్కు లోపల 'స్మార్ట్' అనే లెక్కల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో సీఆర్‌సీ ఎర్రర్ల సంఖ్య ఒక్కటే పెరిగి ఉంది, మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆ సంఖ్య పెరిగిందంటే డేటా దారిలో దెబ్బతింటోందని, అంటే చాలాసార్లు కేబులే కారణమని అర్థం. కేబుల్ మార్చాక ఆ సంఖ్య పెరగడం ఆగింది, అతని పని అయిపోయింది.

నా బుద్ధి చెడింది కూడా అక్కడే. ఒకరిది కేబుల్ అని తేలేసరికి తర్వాత వచ్చిన ఇద్దరికీ అదే చెప్పి, సికింద్రాబాద్ పార్క్‌లేన్ నుంచి తెప్పించిన కొత్త కేబుళ్లు చేతిలో పెట్టి పంపించాను. వాళ్లలో ఒక టీచరమ్మ వారం తిరక్కుండానే మళ్లీ వచ్చారు. రాత్రి ఫుల్ ఫార్మాట్, అంటే డిస్కు మొత్తం రాసుకుంటూ పోయే ఫార్మాట్ పెట్టి పడుకున్నారట, పొద్దున లేచి చూస్తే 'ఫార్మాట్ పూర్తి చేయలేకపోయాం' అని విండోస్ మెసేజ్. "బాబూ, కేబుల్ కూడా నీదే కదా" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

అమ్మేముందు చూడాల్సిన స్మార్ట్ పట్టిక అప్పుడు చూశాను. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. తెరవగానే నీలం రంగు ఉండాల్సిన చోట పసుపు రంగు, 'కాషన్'. డిస్కు తిరిగిన సమయం 31 వేల గంటల పైనే. డీవీఆర్ రాత్రీపగలూ ఆగదు కాబట్టి ఏడాదికి 8,760 గంటలు. అంటే ఆ డిస్కు మూడున్నరేళ్లు నిద్ర లేకుండా పనిచేసి నా బల్ల మీదికి వచ్చింది. డిస్కు మీద డేటా రాసే చిన్న చిన్న గళ్లను సెక్టార్లంటారు. 'కరెంట్ పెండింగ్ సెక్టార్' గడిలో చివరన 64 అని కనిపించింది. అది కూడా 64 కాదు. ఈ సాఫ్ట్‌వేర్ ఆ అంకెల్ని మామూలుగా హెక్సాలో, అంటే పదికి బదులు పదహారు చొప్పున లెక్కపెట్టే పద్ధతిలో చూపిస్తుంది, మన లెక్కకు మారిస్తే 100. నూరు చోట్ల చదవలేకపోతున్నానని డిస్కు తనే రాసిపెట్టుకుంది. చదవాల్సిన నేను చదవలేదు.

మరి నా క్విక్ ఫార్మాట్ ఎలా పాసయింది? చాలామంది ఇదే అడుగుతున్నారు కాబట్టి చెబుతాను. క్విక్ ఫార్మాట్ అంటే పొలానికి గట్లు వేసి పాస్‌బుక్ రాసుకోవడం. లోపల రాళ్లున్నాయో రప్పలున్నాయో నాగలి పెట్టి దున్నితేగానీ తెలియదు. క్విక్ ఫార్మాట్‌లో విండోస్ కొత్త పట్టికలు రాసి ఊరుకుంటుంది, మిగతా డిస్కును ముట్టుకోదు. ఫుల్ ఫార్మాట్ దున్నకం. విండోస్ విస్టా కాలం నుంచి అది డిస్కు అంతటా సున్నాలు రాసుకుంటూ పోతోంది. అంతకుముందు వచ్చిన ఎక్స్‌పీలో అయితే చెడ్డ సెక్టార్ల కోసం చదివి చూసేది, అంతే. రాసేటప్పుడు ఒక చోటు మొరాయిస్తే, డిస్కు దాన్ని పక్కనపెట్టి తన దగ్గరున్న స్పేర్ సెక్టార్‌ను ఆ స్థానంలో వాడుకుంటుంది. 'రీఅలొకేటెడ్' అనే లెక్క అదే. స్పేర్లు అయిపోతేనో, మరీ ముఖ్యమైన చోటే చెడితేనో, డిస్కు జవాబివ్వడమే మానేస్తేనో ఫార్మాట్ మధ్యలో కూలబడుతుంది. డీవీఆర్‌లో ఇదంతా బయటపడదు. ఒక సెక్టార్ పోతే వీడియోలో ఒక క్షణం పోతుంది, దాన్ని ఎవరు చూస్తారు?

దున్నడానికి టైమ్ పడుతుంది. సెకనుకు 100 ఎంబీ వేగంతో రాసినా 1 టీబీకి 10,000 సెకన్లు, అంటే సుమారు 2 గంటల 45 నిమిషాలు. డిస్కు లోపలి అంచుకు వెళ్లేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువే. 22 డిస్కులకు అంత సమయం పెట్టడానికి నాకు ఓపిక లేకపోయింది. పండగ సీజన్, షాపు నిండా జనం అని నాకు నేను చెప్పుకున్నాను.

అమ్మకుండా మిగిలిన ఐదింటికీ ఇప్పుడు డిస్కు అంతటా రాసి చూసే పూర్తి పరీక్ష చేశాను. రెండు పాసయ్యాయి, మూడు ఫెయిల్. ఇప్పటిదాకా తిరిగొచ్చిన 9లో 6 చెడ్డవి.

ఇంకో విషయం, చెప్పడానికి దీనికన్నా ఎక్కువ సిగ్గుగా ఉంది. క్విక్ ఫార్మాట్ పాత డేటాను చెరపదు. అంటే ఎవరో కొట్టు ముందో, ఎవరో ఇంటి వాకిట్లోనో పెట్టిన కెమెరా రికార్డింగులు ఆ డిస్కుల్లో అలాగే ఉండొచ్చు. రికవరీ తెలిసినవాడి చేతిలో పడితే బయటికి తీయగలడు. నేను వాటిని 'టెస్టెడ్' అని అమ్మాను. అందుకే తిరిగొచ్చే డిస్కుల విషయంలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. బాగున్నదైతే మొత్తం సున్నాలు రాస్తాను. రాయడం కుదరనిదైతే మీ ఎదురుగానే డ్రిల్లింగ్ మెషిన్‌తో ప్లాటర్ల మీదుగా, అంటే డేటా ఉండే లోపలి పళ్లేల మీదుగా రంధ్రాలు వేస్తాను. ఇప్పుడు అందులో మీ డేటా కూడా ఉంటుంది కదా.

ఈ గొడవ తెలిశాక మా దగ్గర కొననివాళ్లు కూడా ఫార్మాట్ కాని డిస్కులు మోసుకొస్తున్నారు. అవన్నీ చెడిపోయినవి కావు. ఒకాయన 4 టీబీ కొత్త డిస్కు తెచ్చాడు, 2 టీబీ మాత్రమే ఫార్మాట్ అవుతోంది, మిగతా సగం బూడిద రంగులో ముట్టుకోనివ్వడం లేదు. డిస్కును భాగాలుగా పంచి రాసుకునే పాత పద్ధతి ఎంబీఆర్‌లో దాన్ని మొదలుపెట్టారు, ఆ పద్ధతికి అంతకు మించి లెక్క రాదు. కొత్త పద్ధతి జీపీటీకి మార్చాం, ఐదు నిమిషాల పని. ఇంకొకరు కారులో పాటల కోసం 64 జీబీ పెన్ డ్రైవ్ తెచ్చి, ఫ్యాట్ 32 అనే పాతరకం ఫార్మాట్ ఆప్షనే రావట్లేదన్నారు. పెన్ డ్రైవ్‌లో లోపం లేదు. విండోస్ ఫార్మాట్ విండో 32 జీబీ దాటితే ఆ ఆప్షన్ చూపించదు, వేరే టూల్‌తో చేసిచ్చాను. ఇలాంటివాటికి డబ్బులు తీసుకోలేదు, తీసుకోను కూడా.

వీటన్నిట్లో నన్ను బాగా తిప్పలు పెట్టింది ఒక ఆడిటర్ ఆఫీసు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్కు. ఫార్మాట్ కొడితే అయిపోయిందంటుంది. ఫైళ్లు మాయం. సీపీయూ ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే! మా షాపు పిల్లాడు దయ్యం పట్టిందన్నాడు. మూడుసార్లు చేశాక నాకు వెలిగింది. రాసే ఆయుష్షు తీరిన కొన్ని ఎస్‌ఎస్‌డీలు చదవడం మాత్రమే ఒప్పుకునే స్థితికి వెళ్లిపోతాయి. మనం రాసినట్టు విండోస్ అనుకుంటుంది, చిప్పులో మాత్రం ఏమీ మారదు. ఒకరకంగా అది వాళ్ల అదృష్టం, జీఎస్టీ ఫైళ్లన్నీ కొత్తదానికి కాపీ చేసి ఇచ్చాను.

"లో లెవెల్ ఫార్మాట్ కొట్టన్నా, సెట్ అయిపోద్ది" అని రోజుకొకరు అంటారు. అసలు లో లెవెల్ ఫార్మాట్ అంటే డిస్కు మీద సెక్టార్లను మొదటిసారి గీయడం, ఇప్పటి డిస్కులకు అది ఫ్యాక్టరీలోనే జరిగిపోతుంది. ఆ పేరుతో దొరికే సాఫ్ట్‌వేర్లు చేసేది సున్నాలు రాయడమే. దానివల్ల కొన్ని పెండింగ్ సెక్టార్లు సర్దుకోవచ్చు. అలా సర్దుకున్న డిస్కులో పెళ్లి ఫొటోలు పెట్టమని మాత్రం నేను చెప్పను.

నా చేతి తొందర గురించి కూడా చెప్పాలి. మొన్న ఒక డిస్కు 'రైట్ ప్రొటెక్టెడ్', అంటే రాయనివ్వను అంటుంటే, టైపు చేసి డిస్కుల పనులు చేయించే విండోస్ టూల్ డిస్క్‌పార్ట్ తెరిచాను. ఆ నల్ల తెర మీద డిస్కుల పేర్లు కనిపించవు, నంబర్లూ సైజులే. డిస్కు 2 ఎంచుకోవాల్సింది 1 కొట్టి, డిస్కును ఖాళీ చేసే 'క్లీన్' అన్నాను. అది మళ్లీ అడగదు, ఒక్క సెకనులో పని ముగించేస్తుంది. పోయింది కస్టమర్‌ది కాదు, మా బిల్లుల బ్యాకప్ డిస్కు. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి రెండు రాత్రులు కూర్చుంటే చాలావరకు వచ్చాయి. ఆ రోజు నుంచి డిస్క్‌పార్ట్ వాడే సీపీయూలో విండోస్ డిస్కు, కస్టమర్ డిస్కు తప్ప ఇంకేదీ తగిలించడం లేదు. వేరే డిస్కు ఉంటే కేబుల్ పీకేసి పక్కన పెడతాం.

ఇక ముందు మా దగ్గర కొన్ని మార్పులు కనిపిస్తాయి. సెకండ్ హ్యాండ్ డిస్కు అడిగిన రోజే దొరక్కపోవచ్చు, పూర్తి పరీక్ష అయ్యాకే అమ్ముతాను. దానితోపాటు స్మార్ట్ పట్టిక ప్రింటు తీసి ఇస్తాను, తిరిగిన గంటలు, పెండింగ్, రీఅలొకేటెడ్ అంకెలు మీ ముందే గీత గీసి చూపిస్తాను. పెండింగ్ సున్నా కాకపోతే అమ్మను. వారంటీ 90 రోజులు. ధర ఒక 200 పెరుగుతుంది, అది మా మెషిన్ రాత్రంతా తిరిగిన కరెంటుకూ టైముకూ.

రిపేరుకు తెచ్చినప్పుడు నేను ముందు అడిగేది లోపలున్న డేటా కావాలా వద్దా అని. విసుక్కోకండి. 'ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అని విండోస్ అడిగితే, డేటా కావాలనుకుంటే క్యాన్సిల్ నొక్కి తీసుకురండి. డీవీఆర్‌దో, విండోస్‌కు బదులు లైనక్స్ వాడే కంప్యూటర్‌దో డిస్కు తగిలించినా విండోస్ అదే మాట అంటుంది, దానికి ఆ భాష రాదు, అంతే. ఫుల్ ఫార్మాట్ కొట్టాక వస్తే మాత్రం నేను చేయగలిగింది లేదు. డిస్కు టిక్ టిక్‌మని కొట్టుకుంటుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడొద్దు, పవర్ తీసేయండి. అలాంటివి మా షాపులో విప్పం. దుమ్ము లేని గది ఉన్న రికవరీ ల్యాబుకు పంపాలి, ఎంత ఖర్చవుతుందో ముందే కనుక్కుని చెబుతాను, మీరు సరేనంటేనే పంపుతాను.

డిస్కులు ఇచ్చిన అతనికి ఫోన్ చేశాను. మొదట ఎత్తలేదు, తర్వాత సగం డబ్బులు ఇస్తానన్నాడు. అది నాకూ అతనికీ మధ్య సంగతి, మీ వాపసుకు దానితో సంబంధం లేదు.

బిల్లు పోగొట్టుకున్నా పర్లేదు. పసుపు స్టిక్కర్ మీద నా చేతిరాత ఉంటుంది, అది చాలు. స్టిక్కర్ కూడా ఊడిపోయి ఉంటే సీరియల్ నంబర్లన్నీ నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. ఆదివారం తప్ప ఎప్పుడైనా రండి, పరీక్ష పూర్తవడానికి పూట పడుతుంది కాబట్టి పొద్దున్నే ఇచ్చి సాయంత్రం రండి. 17లో 9 వచ్చాయి. ఇంకా 8 మీ దగ్గర ఉన్నాయి.